యోగా సెషన్ పెడితే లెక్చరర్ల బర్నౌట్ తగ్గుతుందా?

ఈమధ్య మన ఇంజనీరింగ్ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో ఫ్యాకల్టీకి పెట్టే శిక్షణ కార్యక్రమాల్లో స్ట్రెస్ మేనేజ్‌మెంట్ తరచూ కనిపించే అంశం అయిపోయింది. శనివారం మధ్యాహ్నం సెమినార్ హాల్లో అందర్నీ కూర్చోబెడతారు. బయటి నుంచి వచ్చిన వక్త ఊపిరి ఎలా పీల్చాలో, నెగెటివ్ ఆలోచనలను ఎలా పక్కన పెట్టాలో, ఎంత దెబ్బ తగిలినా మళ్లీ లేచి నిలబడే రెసిలియెన్స్‌ను ఎలా పెంచుకోవాలో చెబుతారు. చెప్పేవి తప్పుడు మాటలేమీ కావు, శ్వాస మీద ధ్యాస పెడితే ఆ పది నిమిషాలు మనసు కుదుటపడుతుంది కూడా. కానీ ఆ హాల్లో రెండు మూడు నెలలుగా జీతం పడనివాళ్లు ఉంటారు, పదేళ్లు దాటినా కాంట్రాక్టు మీదే ఉన్నవాళ్లు ఉంటారు, వచ్చే సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టు చెప్పాలో, అసలు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియనివాళ్లు ఉంటారు. అందరికీ ఇస్తున్న సలహా మాత్రం ఒకటే, నువ్వు గట్టిపడు అని. ఆ సలహా ఎందుకు పనిచేయదో, ఏది పనిచేస్తుందో కాస్త ఓపిగ్గా విడదీసి చూద్దాం. ఇది లెక్చరర్ల సొంత బాధ మాత్రమే కాదు, వాళ్ల ఎదురుగా కూర్చున్న అరవై మంది పిల్లల చదువు కూడా దీంతోనే ముడిపడి ఉంది.

ముందు బర్నౌట్ అంటే ఏమిటో తేల్చుకోవాలి, ఎందుకంటే పని ఎక్కువై నీరసం వచ్చిన ప్రతిసారీ ఈ మాట వాడేస్తున్నాం. స్పాట్ వాల్యుయేషన్ నుంచి ఇంటికొచ్చి మంచం మీద వాలిపోవడం అలసట, రెండు రోజులు బాగా నిద్రపోతే అది తీరుతుంది. బర్నౌట్ అలా తీరదు. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేస్తూ, ఉత్సాహంగా వచ్చిన వాలంటీర్లు కొంతకాలానికే ఎలా డీలా పడిపోతున్నారో గమనించి దీని గురించి రాశాడు. ఆయన చెప్పిన వాటిలో మనం మరచిపోకూడనిది ఒకటుంది: దీనికి ఎక్కువగా చిక్కేది పని తప్పించుకునేవాళ్లు కాదు, ఎంతో ఇష్టపడి ఆ పనిలోకి వచ్చినవాళ్లు. తర్వాత 1981లో క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ దీన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు, ఇప్పటికీ పరిశోధకులు ఎక్కువగా వాడేది దాన్నే. అందులో మూడు భాగాలున్నాయి. ఇక ఇవ్వడానికి లోపల ఏమీ మిగలనంత నిస్సత్తువ మొదటిది. ఎదుటి మనుషుల మీద ఆపేక్ష పోయి అంటీముట్టనట్టు అయిపోవడం రెండోది. నేను చేసేదానికి విలువ లేదు, నావల్ల ఏమీ కావట్లేదు అనిపించడం మూడోది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐసీడీ-11 అనే జబ్బుల అంతర్జాతీయ జాబితాలో దీన్ని వివరించినప్పుడు కూడా జబ్బు అనలేదు, ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితి అంది. పని చోట ఎడతెగకుండా ఉండే ఒత్తిడిని సరిగ్గా సంబాళించనప్పుడు వచ్చేదని రాసింది. ఆ నిర్వచనం మొదలయ్యేదే పని చోటుతో. మన శిక్షణల్లోకి వచ్చేసరికి ఆ పని చోటు కనపడకుండా పోయి, మనిషి ఒక్కడే మిగులుతున్నాడు.

ఈ మూడింటిలో స్టాఫ్ రూముల్లో తేలిగ్గా కనిపించేది, అందరూ తప్పుగా అర్థం చేసుకునేది రెండోది. చేరిన కొత్తలో ప్రతి పిల్లాడి పేరు, ఊరు గుర్తుపెట్టుకున్న లెక్చరర్ నాలుగైదేళ్లకు రోల్ నంబర్లతో సరిపెట్టుకుంటాడు. "ఈ బ్యాచ్ ఇంతే సార్, ఏం చెప్పినా ఎక్కదు" అనే మాట రోజూ వినిపిస్తుంది. డౌట్ అడగడానికి వచ్చిన అమ్మాయికి తల ఎత్తకుండానే జవాబు వస్తుంది. బయటి నుంచి చూస్తే ఇది పొగరులా, బాధ్యత లేకపోవడంలా ఉంటుంది, పిల్లలు ఫీడ్‌బ్యాక్ ఫారంలో అలాగే రాస్తారు, ఆ ఫీడ్‌బ్యాక్ పట్టుకుని హెచ్ఓడీ, అంటే డిపార్ట్‌మెంట్ హెడ్, పిలిచి మాట్లాడతారు, దాంతో మనిషి ఇంకాస్త ముడుచుకుపోతాడు. నిజానికి అక్కడ జరుగుతున్నది మనసు తనను తాను కాపాడుకోవడం. ఇంక ఇచ్చుకోలేనప్పుడు తలుపు మూసుకోవడం తప్ప దానికి వేరే దారి తెలియదు.

మరి ఎందుకు వస్తుంది? మాస్లాక్, మైకేల్ లైటర్ కలిసి ఆరు చోట్ల వెతకమన్నారు: పని భారం, పని మీద మన అదుపు, ప్రతిఫలం, తోటివాళ్లతో సంబంధం, న్యాయం, విలువలు. ఈ ఆరింటిలో మనిషికీ ఉద్యోగానికీ ఎంత పొసగకపోతే అంత ప్రమాదం. మన దగ్గర ఈ ఆరూ ఎలా ఉన్నాయో చూడండి.

పని భారం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, లెక్కలే చెబుతాయి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వారానికి 40 గంటల పనిలో అసిస్టెంట్ ప్రొఫెసర్ నేరుగా పాఠం చెప్పాల్సింది 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ అయితే 14. మిగతా సమయం చదువుకోవడానికి, పరిశోధనకు, పేపర్లు దిద్దడానికి, పిల్లలతో మాట్లాడటానికి. ఆ ఏడాదే సాంకేతిక విద్యను చూసుకునే ఏఐసీటీఈ ఇంజనీరింగ్ కాలేజీల్లో 15 మందికి ఒక టీచర్ అన్న నిష్పత్తిని 20 మందికి ఒకరుగా మార్చింది. అంటే 240 మంది ఉన్న డిపార్ట్‌మెంట్‌లో 16 మంది చేయాల్సిన పని 12 మంది చేయొచ్చని కాగితం మీద ఒప్పుకున్నట్టు. పోయిన ఆ నలుగురి పీరియడ్లు ఎక్కడికీ పోలేదు, మిగిలినవాళ్ల టైంటేబుల్లోకి వచ్చాయి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో దారి వేరు, ఫలితం అదే. రిటైరైనవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను తీసుకోకుండా ఏళ్లు గడిచిపోతే, ఉన్న కొద్దిమందే డీన్, వార్డెన్, పరీక్షల విభాగం, ఎన్ఎస్ఎస్ అన్నీ పంచుకుంటారు, పాఠాలు కాంట్రాక్టు, పార్ట్ టైం వాళ్ల మీద పడతాయి.

కానీ నా అభిప్రాయంలో మనుషుల్ని ఎక్కువగా తినేస్తున్నది పాఠాల సంఖ్య కాదు, కాగితాలు. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ కాగితాల వెనక ఉద్దేశం చెడ్డది కాదు. మన ఇంజనీరింగ్ డిగ్రీకి బయటి దేశాల్లో గుర్తింపు రావాలని భారత్ వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో పూర్తి సభ్యత్వం తీసుకుంది, దానికి తగ్గట్టు ఇంజనీరింగ్ కోర్సులకు ఎన్‌బీఏ అనే సంస్థ ఇచ్చే గుర్తింపు అంతా పిల్లలు చివరికి ఏం నేర్చుకున్నారు అన్నదాని చుట్టూ తిరుగుతుంది. వినడానికి ఎంత బాగుందో చూడండి. ఆచరణలో అది ఏమైందంటే, ప్రతి సబ్జెక్టుకు ఐదారు కోర్స్ అవుట్‌కమ్‌లు రాయాలి, వాటిని ప్రోగ్రామ్ అవుట్‌కమ్‌లతో ఒకటి రెండు మూడు అంకెలతో కలపాలి, మిడ్ పేపర్లో ప్రతి ప్రశ్న దేని కిందికి వస్తుందో వేయాలి, దిద్దాక మార్కులను ప్రశ్నల వారీగా ఎక్సెల్‌లో ఎక్కించాలి, అనుకున్నది ఎంతవరకు నేర్చుకున్నారో చెప్పే అటైన్‌మెంట్ లెక్కగట్టాలి, తక్కువ వస్తే ఎందుకు వచ్చిందో, ఏం చర్య తీసుకున్నారో రాయాలి. రెండు సబ్జెక్టులు, మూడు సెక్షన్లు ఉన్న మనిషి ఇదంతా క్లాసుల మధ్య చేయాలి. ఇంతలో మొత్తం కాలేజీకి గుర్తింపునిచ్చే న్యాక్ వస్తుంది, దాని ఏడు క్రైటీరియాలకు మళ్లీ వేరే ఫార్మాట్, కేంద్రం ర్యాంకులిచ్చే ఎన్ఐఆర్ఎఫ్‌కు ఇంకో ఫార్మాట్. ఒకే సమాచారాన్ని నాలుగు రకాలుగా నింపి, టీం వచ్చే ముందు రాత్రి పదింటి దాకా కాలేజీలోనే కూర్చున్న అనుభవం చాలామందికి ఉంటుంది.

అలసట ఒక ఎత్తు, ఇందులో ఇంకో బాధ ఉంది. జరగని మీటింగ్‌కు మినిట్స్ రాయమంటారు. ఇవ్వని రెమెడియల్ క్లాసుకు హాజరు పట్టీ తయారుచేయమంటారు. మూడేళ్ల కిందటి తేదీతో ఈరోజు సంతకం పెట్టమంటారు. ప్రతి చోటా ఇలాగే జరుగుతుందని నేను అనడం లేదు, నిజాయితీగా చేసే డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి, అక్కడ ఈ ప్రక్రియ నిజంగానే పాఠాన్ని మెరుగుపరిచింది. కానీ అలా చేయాల్సి వచ్చిన మనిషి మనసులో ఏం జరుగుతుందో ఆలోచించండి. పొద్దున తొమ్మిదింటికి క్లాసులో పరీక్షల్లో కాపీ కొట్టడం తప్పు అని చెప్పి, సాయంత్రం నాలుగింటికి లేనిదాన్ని ఉన్నట్టు రాయాలి. విలువల దగ్గర పొసగకపోవడం అంటే ఇదే, దీనికి నిద్ర మందు కాదు. గంటల తరబడి పాఠం చెప్పి గొంతు పోయినా సంతోషంగా ఇంటికి వెళ్లే లెక్చరర్, అరగంట ఇలాంటి పని చేసి కుంగిపోతాడు.

అదుపు సంగతి మెకానికల్, సివిల్ బ్రాంచీల వాళ్లను అడిగితే తెలుస్తుంది. సీట్లన్నీ కంప్యూటర్ సైన్స్ వైపు వెళ్లిపోయాక, పదిహేనేళ్లు థర్మోడైనమిక్స్ చెప్పిన మనిషిని ఫస్టియర్‌కు పైథాన్ చెప్పమంటున్నారు. నేర్చుకోవడానికి వాళ్లకు అభ్యంతరం లేదు, చాలామంది నేర్చుకున్నారు కూడా. కానీ జీవితమంతా పెట్టి సంపాదించిన నైపుణ్యానికి చోటు లేదని తెలిసి, పిల్లల కన్నా ఒక్క రోజు ముందు చదువుకుని క్లాసుకు వెళ్లడం ఎలాంటి టెన్షనో చెప్పలేం. వేసవి వస్తే అడ్మిషన్ల టార్గెట్ ఇచ్చి ఊళ్లమీద తిప్పే కాలేజీలు కూడా ఉన్నాయి. ఇంటర్ పిల్లల ఫోన్ నంబర్ల జాబితా పట్టుకుని, తల్లిదండ్రుల్ని బతిమాలుతూ తిరిగిన పీహెచ్‌డీ హోల్డర్ జూన్‌లో అదే పిల్లల ముందు గురువుగా నిలబడాలి.

ఇక ప్రతిఫలం, న్యాయం. ఈ రెండూ కలిపే చెప్పాలి. యూజీసీ 2019 జనవరిలో గెస్ట్ ఫ్యాకల్టీకి ఒక్కో లెక్చర్‌కు 1,500 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 50,000 ఇవ్వొచ్చని చెప్పింది. మన డిగ్రీ కాలేజీల్లో, యూనివర్సిటీ పీజీ సెంటర్లలో గంటల లెక్కన పనిచేసే ఎంతమందికి ఆ మొత్తం అందుతోందో వాళ్లనే అడగండి. గంటకు జీతమైతే దసరా సెలవులకు జీతం లేదు, వేసవికి లేదు, ఒంట్లో బాగోలేని రోజుకు లేదు. అదే సిలబస్, అదే పరీక్ష, పక్క కుర్చీలో కూర్చున్న రెగ్యులర్ ప్రొఫెసర్‌కు వచ్చేదాంట్లో చిన్న భాగం జీతం. తెలంగాణలో 2025 ఏప్రిల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ల నియామకాలకు ప్రభుత్వం జీవో 21 ఇచ్చినప్పుడు ఉస్మానియాతో పాటు మిగతా యూనివర్సిటీల కాంట్రాక్టు అధ్యాపకులు రోడ్డెక్కారు. ఇన్నేళ్లు మేం నడిపిన డిపార్ట్‌మెంట్లలో మేమెక్కడ అన్నది వాళ్ల ప్రశ్న. నోటిఫికేషన్ కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న నిరుద్యోగ పీహెచ్‌డీల ప్రశ్న కూడా న్యాయమైనదే. ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టింది ఏళ్ల తరబడి జరగని నియామకాలు, ఆ సంగతి మరచిపోయి వాళ్లలో వాళ్లు ఒకర్నొకరు తిట్టుకోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ప్రైవేటు కాలేజీల్లో జీతం ఆలస్యానికి ఒక గొలుసు ఉంది, అది తెలియకపోతే ఈ విషయం సగమే అర్థమవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ లక్షల పేద పిల్లల్ని కాలేజీ గడప తొక్కించింది, దాని గొప్పతనాన్ని తక్కువ చేయలేం. కానీ ఆ డబ్బు ప్రభుత్వం నుంచి సమయానికి రాకపోతే యాజమాన్యం మొదట ఆపేది కరెంటు బిల్లు కాదు, లెక్చరర్ జీతం. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు ఈ బకాయిల కోసమే బంద్ పాటించాయి. యాజమాన్యం ప్రభుత్వాన్ని చూపిస్తుంది, ప్రభుత్వం ఖజానాను చూపిస్తుంది, మధ్యలో ఇంటి అద్దె కట్టాల్సిన మనిషికి చూపించడానికి ఎవరూ ఉండరు. వేరే చోట మంచి అవకాశం వచ్చినా ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉండిపోతే కదలడానికి లేదు.

ఇప్పుడు రెసిలియెన్స్ దగ్గరికి వద్దాం. మనం దీన్ని మనిషి లోపల ఉండే గట్టితనం అనుకుంటాం, కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు, లేనివాళ్లు వర్క్‌షాప్‌లో నేర్చుకోవాలి అన్నట్టు. ఈ విషయం మీద జరిగిన పేరున్న పరిశోధన వేరే మాట చెబుతుంది. హవాయిలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్, ఆమె బృందం దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల జబ్బులు, ఇలాంటివి చాలా కలిసి మీదపడ్డ పిల్లల్లో దాదాపు మూడోవంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్లకు కలిసొచ్చిన వాటిలో పుట్టుకతో వచ్చిన నెమ్మదైన స్వభావం ఒకటి, నిజమే. కానీ అంతే ముఖ్యంగా కనిపించింది, ఇంట్లోనో బయటో గట్టిగా అంటిపెట్టుకుని ఉన్న కనీసం ఒక్క పెద్ద మనిషి. అమ్మమ్మ, పక్కింటివాళ్లు, చాలాసార్లు ఒక టీచర్. ఆ తర్వాత ఆన్ మాస్టెన్ లాంటి పరిశోధకులు కూడా ఇదే చెప్పారు, రెసిలియెన్స్ అద్భుతమైన మనుషుల సొత్తు కాదు, మామూలు ఆసరాలు మామూలుగా పనిచేస్తే వచ్చేది. ఆ ఆసరాలు తీసేసి శక్తి మాత్రం ఉండాలంటే ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకో ఆధారం ఉంది, అది డాక్టర్లది. 2020లో అమెరికాలో 5,000 మందికి పైగా డాక్టర్లతో చేసిన అధ్యయనంలో, వాళ్ల రెసిలియెన్స్ మిగతా ఉద్యోగుల కన్నా ఎక్కువే అని తేలింది. అయినా ఆ కొలతలో అత్యధిక స్కోరు వచ్చిన డాక్టర్లలో కూడా 29 శాతం మందికి బర్నౌట్ ఉంది. అంటే గట్టితనం కొంత కాపాడుతుంది, పూర్తిగా కాపాడలేదు. డాక్టర్ల మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి 2017లో చేసిన ఒక విశ్లేషణ చూస్తే, వ్యక్తికి ఇచ్చే శిక్షణ కన్నా సంస్థ పని పద్ధతులు మార్చినప్పుడు ఫలితం ఎక్కువగా కనిపించింది. లెక్చరర్ల పని వేరు, కానీ రోజంతా మనుషుల కోసం మనసు పెట్టాల్సిన ఉద్యోగం అన్న దగ్గర రెండూ ఒకటే.

మన లెక్చరర్లకు రెసిలియెన్స్ పాఠం చెప్పడంలో నాకు అన్నింటికన్నా బాధ కలిగించేది ఇదే. వీళ్లలో ఎంతమంది తమ ఇంట్లో మొదటిసారి కాలేజీకి వెళ్లినవాళ్లు! సర్కారు బడిలో తెలుగు మీడియం చదివి, సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి, డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లీషు మీద పడి ఏడ్చి నేర్చుకుని, లెక్చరర్ అర్హత కోసం నెట్టో సెట్టో రాసి, ఫెలోషిప్ డబ్బులో సగం ఇంటికి పంపిస్తూ పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లు. వాళ్లకు తట్టుకుని నిలబడటం నేర్పాల్సిన అవసరం ఉందా? ఇన్ని తట్టుకుని వచ్చారు కాబట్టే ఇంకా తట్టుకుంటారులే అన్న ధీమాతో వ్యవస్థ వాళ్ల మీద ఇంకొంచెం, ఇంకొంచెం మోపుతోంది.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. నాలుగున్నరకు కాలేజీ బస్సు దిగాక వంట, పిల్లల హోంవర్క్, అత్తమామల మందులు అయ్యేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అప్పుడు డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్, రేపు పొద్దున పదింటికల్లా ఈ ఫార్మాట్ నింపి పంపండి అని. పరిశోధన పత్రం రాయాల్సింది ఆ తర్వాతే. ప్రమోషన్ దగ్గర పబ్లికేషన్లు లెక్కపెడతారు కానీ, ఆ మేడమ్ దగ్గరికి ఏడుస్తూ వచ్చిన అమ్మాయిలతో ఎన్ని గంటలు కూర్చుందో ఏ కాలమ్‌లోనూ పట్టదు. మెంటర్ అని పేరు పెట్టి ఇరవై మంది పిల్లల్ని అప్పగిస్తాం, వాళ్లలో ఒకరు చచ్చిపోవాలని ఉంది మేడమ్ అంటే ఏం చేయాలో మాత్రం చెప్పం. 2025 జులైలో సుప్రీంకోర్టు విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మృతి కేసులో తీర్పు ఇస్తూ, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో శిక్షణ ఉన్న కౌన్సెలర్ ఉండాలని, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు మానసిక ఆరోగ్యం మీద శిక్షణ ఇవ్వాలని ఆదేశించింది. దాన్ని నిజంగా అమలు చేస్తే పిల్లలకు మేలు, ఆ బరువు ఒంటరిగా మోస్తున్న మెంటర్లకూ మేలే.

మరి ఏం చేయాలి అంటే, పెద్దవి అందరికీ తెలిసినవే: ఖాళీలు నింపడం, నెల నెలా జీతం, గెస్ట్ వాళ్లకు పన్నెండు నెలల ఒప్పందం. ఇవి ప్రభుత్వం, యాజమాన్యం చేయాలి, సంఘాలు గట్టిగా అడగాలి. కానీ ఒక హెచ్ఓడీ తన పరిధిలో చేయగలిగేవి తక్కువేమీ కాదు. సబ్జెక్టులు సెమిస్టర్ మొదలవడానికి నెల ముందే కేటాయించవచ్చు. ఎవరికి ఎన్ని పీరియడ్లు, ఎన్ని అదనపు బాధ్యతలు ఉన్నాయో అందరికీ కనిపించేలా నోటీస్ బోర్డు మీద పెడితే అన్యాయం జరుగుతోందన్న అనుమానం సగం పోతుంది. ఫార్మాట్లన్నింటికీ ఒకే షీట్ తయారుచేసి, ఎక్కించే పని లెక్చరర్‌కు కాకుండా ఆఫీసు మనిషికి అప్పగిస్తే వారానికి ఎన్నో గంటలు మిగులుతాయి. రాత్రి ఎనిమిది తర్వాత గ్రూపులో పని మెసేజ్ పెట్టకూడదని తీర్మానించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. జరగనిది జరిగినట్టు రాయమని అడగకపోవడం అన్నిటికన్నా పెద్ద సాయం.

ఇక మీరే ఈ స్థితిలో ఉంటే. వ్యాయామం, నిద్ర, ధ్యానం పనికిరావని నేను అనను, అవి మిమ్మల్ని నిలబెడతాయి, చేయండి. కానీ వాటితో తగ్గకపోతే తప్పు మీలో ఉందని మాత్రం అనుకోకండి. ఒక్క తేడా గమనించుకోండి. బర్నౌట్‌లో మామూలుగా పని నుంచి దూరంగా ఉన్నప్పుడు, పిల్లలతో ఆడుకునేటప్పుడో ఊరెళ్లినప్పుడో మనిషి కాస్త తేరుకుంటాడు. సెలవుల్లో కూడా ఏదీ రుచించకపోవడం, వారాల తరబడి నిద్రా ఆకలీ పోవడం, బతకడం దండగ అనిపించడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, రెండూ కలిసి ఉండటం కూడా మామూలే. అప్పుడు ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టును కలవండి. వెంటనే వెళ్లలేకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మెడికల్ లీవ్ అడగడానికి మొహమాటపడకండి, టైఫాయిడ్ వస్తే పెట్టేవారే కదా. పక్క టేబుల్ దగ్గర కొన్ని వారాలుగా ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటున్న సహోద్యోగి ఎవరైనా ఉంటే, బాగున్నారా అని అడిగి ఊరుకోకుండా, రేపు వాళ్ల మొదటి పీరియడ్ మీరు తీసుకుంటానని చెప్పండి, ఆ గంట వాళ్లను డాక్టర్ దగ్గరికి వెళ్లి రానివ్వండి.